కోలార్ పట్టీకి ఇటూ అటూ: ఒకే నేల మీద రెండు వాదాలు

కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలోని బిసానత్తం, చిగురుగుంట ఊళ్ల పేర్లు బంగారు గనుల వల్ల నలుగురికీ తెలుసు. కోలార్ నుంచి దక్షిణంగా సాగే నల్లటి శిస్ట్ పట్టీ అక్కడ చిత్తూరు జిల్లాలోకి దిగుతుంది. పట్టీ పొడవు 80 కిలోమీటర్ల దాకా ఉంటే, వెడల్పు నాలుగైదు కిలోమీటర్లు మించదు. దానికి రెండు పక్కలా ఉన్న గ్రానైట్, నైస్ బండల సంగతి మాత్రం భూవిజ్ఞానుల మధ్యే ఉండిపోయింది.

ఆ బండల మీద వచ్చిన రెండు పరిశోధన వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది 1989లో 'సైన్స్' పత్రికలో క్రోగ్‌స్టాడ్, బాలకృష్ణన్, ముఖోపాధ్యాయ్, రాజమణి, హాన్సన్ రాసింది. రెండోది 2000లో 'ప్రీకేంబ్రియన్ రీసెర్చ్'లో జయానంద, మోయెన్, మార్టిన్ తదితరులది. మొదటి బృందానికి అక్కడ మూసుకుపోయిన సముద్రం కనబడింది. రెండో బృందానికి భూగర్భం నుంచి ఎగదన్నిన వేడి కనబడింది.

గ్రానైట్‌లో సముద్రాన్ని వెతకడమేమిటని అడగవచ్చు. నేటి మహాసముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన నేల దాదాపు దొరకదు. సముద్ర పలక ఎప్పటికప్పుడు పక్క పలక కిందికి దూరి లోపలికి దిగిపోతుంది. దాన్నే సబ్డక్షన్ అంటారు. కాబట్టి 250 కోట్ల ఏళ్ల కిందటి సముద్రానికి సాక్ష్యం గట్టు మీద ఉన్న రాయే చెప్పాలి. దిగే పలక నీరు పట్టిన ఖనిజాలను తనతో తీసుకుపోతుంది. లోతుకు పోయేకొద్దీ ఆ నీరు విడుదలై పైనున్న మాంటిల్‌లో, అంటే భూపటలం కింది పొరలో, చేరుతుంది. నీరు చేరిన మాంటిల్ తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టిన శిలాద్రవం పైకి వచ్చి గడ్డకట్టాక కూడా దాని రసాయనంలో పుట్టుక గుర్తులు ఉంటాయి. నియోబియం, టాంటలం తగ్గి ఉంటాయి. పొటాషియం ఎక్కువగా ఉన్న రాతిలో మెగ్నీషియం, క్రోమియం కూడా ఎక్కువగా కనిపిస్తే అందులో మాంటిల్ వాటా ఉందన్నమాట.

1989 వ్యాసం బలమంతా ఒక పోలికలో ఉంది. జిర్కాన్ స్ఫటికం పెరిగేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ తర్వాత లోపల పోగైన సీసమే వయసు చెబుతుంది. పట్టీకి పడమటి బండలు సుమారు 263, 261, 255 కోట్ల ఏళ్ల నాటివని, తూర్పు నైస్ 253 కోట్ల ఏళ్లదని తేలింది. వయసు తేడా ఒక్కటే అయితే నాకు నమ్మకం కుదిరేది కాదు. ఐసోటోపులు దాన్ని నిలబెట్టాయి. పడమటి శిలాద్రవం 300 కోట్ల ఏళ్లు దాటిన పాత భూపటలంతో కలిసి వచ్చింది. తూర్పుదానిలో ఆ జాడ లేదు, అది మాంటిల్ నుంచి కొత్తగా వచ్చిన సరుకు. నాలుగైదు కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఈ రెండు బండలకు పుట్టుకలో పొత్తు లేదు. ఎక్కడెక్కడో పుట్టిన రెండు భూఖండాలు తర్వాత కలిశాయని, శిస్ట్ పట్టీ ఆ అతుకని వారి నిర్ణయం.

ఈ వాదాన్ని పరీక్షకు పెట్టవచ్చు. రేపు తూర్పు నైస్‌లో పాత భూపటలం జాడ దొరికితే అది కూలిపోతుంది. అలా కూలడానికి సిద్ధపడిన వాదమంటే నాకు గౌరవం. లోపం కూడా ఉంది. రెండు ముక్కలు కలిశాయన్నంత మాత్రాన మధ్యలోని సముద్ర పలక ఏ వైపుకు దిగిందో, ఎంతకాలం దిగిందో ఆ అంకెలు వాటంతట అవి చెప్పవు.

2000 నాటి వ్యాసం కోలార్‌కు పడమట ఉన్న క్లోజ్‌పేట గ్రానైట్ దగ్గర మొదలై తూర్పుగా కోలార్ పట్టీ దాకా వస్తుంది. క్లోజ్‌పేట కింద వేడి మాంటిల్ ఊట కేంద్రం ఉందని, అక్కడి సారవంతమైన మాంటిల్ కరిగి పాత భూపటలాన్నీ కరిగించిందని అంటుంది. తూర్పున చల్లటి, సాదా మాంటిల్ కరిగి త్వరగా గడ్డకట్టిందట. అందుకే తూర్పు రాళ్లు 255-253 కోట్ల ఏళ్లవిగా, క్లోజ్‌పేట 251.8 కోట్ల ఏళ్లదిగా కనిపిస్తాయని వివరణ. ఇంత వెడల్పున, మూడు నాలుగు కోట్ల ఏళ్లలోనే ఇంత గ్రానైట్ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఇది మంచి జవాబు. అదే ఏడాది, అదే పత్రికలో చాడ్విక్, వాసుదేవ్, హెగ్డే ఈ గ్రానైట్ ప్రాంతాన్నంతా ఏటవాలుగా వచ్చి కలిసిన పలకల ఫలితంగా చదివారు. ఆ వెడల్పుకు కారణం చెప్పడమే వారికి చిక్కు.

కానీ క్లోజ్‌పేట మెల్లగా చల్లారింది కాబట్టి వయసులో చిన్నదిగా కనిపిస్తోందన్న మాట నాకు మింగుడుపడదు. జిర్కాన్‌లో సీసం 900 డిగ్రీల వేడిలోనూ సులభంగా కదలదు. అది చెప్పేది ప్రధానంగా స్ఫటికం పుట్టిన కాలం, రాయి చల్లారిన కాలం కాదు. అంతకన్నా పెద్ద ప్రశ్న: క్లోజ్‌పేట కింది మాంటిల్‌కు ఆ సారం ఎక్కడి నుంచి వచ్చింది? వేడి ఊట కరిగించగలదు. పొటాషియం, మెగ్నీషియం రెండూ దండిగా ఉన్న ద్రవం రావాలంటే మాంటిల్ ముందే మారి ఉండాలి. ఇలాంటి రాళ్లకు జపాన్‌లోని సానుకి ప్రాంతం పేరు మీదుగా 'సానుకిటాయిడ్' అని 1984లో పేరు పెట్టినవారు షైరీ, హాన్సన్. ఆ హాన్సనే కోలార్ వ్యాసంలోనూ ఉన్నారు. ఇక మార్టిన్, మోయెన్ మరికొందరితో కలిసి 2005లో రాసిన సమీక్షలో, దిగిపోయిన పలక కరిగి పుట్టిన ద్రవం మాంటిల్‌తో కలిస్తేనే సానుకిటాయిడ్ తయారవుతుందన్నారు. అంటే ఊట వాదం రాసినవారి కలం నుంచే పలక మళ్లీ పైకి వచ్చింది. 2013 నాటికి జయానంద బృందం కూడా పడమటికి సాగిన వేడి సముద్ర పలకను తమ నమూనాలో చేర్చుకుంది. నా తీర్పు 1989 వైపే. వేడి సంగతి రెండో వ్యాసం బాగా చెప్పింది, సముద్రం సంగతి మొదటిదే పట్టుకుంది.

ఈ రెండు వ్యాసాల వాదం నిలబడ్డ నేల తూర్పున కోలార్ పట్టీ దగ్గరే ఆగిపోతుంది. గ్రానైట్ ఆగదు. పలమనేరు, చిత్తూరు, చంద్రగిరి కోట గుట్ట మీదుగా తిరుమల పాదాల దాకా వస్తుంది. ఘాట్ రోడ్డు పక్కన, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకంగా ప్రకటించిన చోట, గ్రానైట్ మీద నగరి క్వార్ట్‌జైట్ పొరలు కూర్చున్నాయి. రెండింటి నడుమ 80 కోట్ల ఏళ్ల ఖాళీ. అక్కడి నుంచి పైన గ్రానైట్ కనబడదు. పలక ఏ దిక్కుకు దిగిందో తేల్చాలంటే కుప్పం నుంచి ఆ చోటు దాకా వరసగా రాళ్లు చూడాలి.

ఆ దారిలోని క్వారీల్లో కొత్తగా కోసిన గ్రానైట్ ముఖం మీద కొన్నిచోట్ల అరచేతంత నల్లమచ్చలుంటాయి. అంచులు గుండ్రంగా, పక్క గ్రానైట్‌లోకి కలిసిపోతూ ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ నలుపులో అక్కడక్కడా గ్రానైట్‌దే అయిన తెల్లటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికం చిక్కుకుని ఉంటుంది. రెండూ ద్రవంగా ఉండగానే కలిశాయనడానికి అది సాక్ష్యం. మాంటిల్ వాటాను వెతకాల్సింది ముందుగా ఆ మచ్చల్లోనే. పాలిష్ పలకల వ్యాపారికి మాత్రం మచ్చ ఉన్న దిమ్మె రెండో రకం సరుకు, పక్కన పడేస్తాడు.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జియాలజీ విద్యార్థులకు నా విన్నపం ఇదే. అలా పడేసిన దిమ్మెల నుంచి మచ్చనూ గ్రానైట్‌నూ విడివిడిగా నమూనా తీసి, ఏ క్వారీదో రాసి పెట్టండి. గుట్టలు వేగంగా తరుగుతున్నాయి, కోసి లారీ ఎక్కించిన రాయి మళ్లీ తన చోటు చెప్పలేదు.