777 అను చిట్కా వైద్యము

మధురానగర్, కృష్ణానగర్, ఫిలింనగర్ ప్రాంతముల సినిమా కూర్పు గదులలో దృశ్యము, ధ్వని, గ్రాఫిక్సు పనివారు ఒకే సర్వరును పంచుకొనుట సామాన్యము. ఒకరు దాచిన ఫైలు మరొకరికి తెరచుకొనక "అనుమతి లేదు" అన్నప్పుడు పెక్కుమంది చెప్పు మందు ఒక్కటే: 777. ఈ మందు జ్వరమును తగ్గింపదు, జ్వరమానిని పగులగొట్టును.

యూనిక్స్ వ్యవస్థలో చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1, మొత్తము 7. మొదటి అంకె యజమానిది, రెండవది సమూహమునది, మూడవది తక్కినవారిది. అనగా 777 వలన సర్వరులో ప్రవేశమున్న ప్రతివానికి సర్వాధికారములు లభించును. 1971 నాటి తొలి యూనిక్స్‌లో యజమాని, ఇతరులు అను రెండు తరగతులే యుండెను. సమూహము తరువాత వచ్చినది. 777 వాడువారు ఆ సౌకర్యమును చేజేతుల పోగొట్టుకొనుచున్నారు.

పరీక్షకు ఒక క్రమము కలదు. ఫైలు యజమాని యెవరు? సమూహమేది? అడిగినవాడు అందున్నాడా? క్రొత్తగా చేర్చినచో అతడు మరల లాగిన్ కావలెను. పిదప పై ఫోల్డరులను చూడవలెను. దారిలో ఒక్కదానికి నడుపు అనుమతి లేకున్నను లోపలి ఫైలు అందదు. ఫైలును తుడిచివేయుటకు కావలసినది ఆ ఫైలుపై అనుమతి కాదు, అది యున్న ఫోల్డరులో వ్రాయు అనుమతి. విద్యార్థులు తరచు పొరబడునది ఇచ్చటనే.

చికిత్స ఇది: పనివారికొక సమూహము, ఫోల్డరుకు 2770. ముందున్న 2 వలన క్రొత్త ఫైళ్లు ఆ సమూహమునకే చెందును. యుమాస్కు 007 గా నుండవలెను. అది 022 గా నున్నచో సమూహమునకు వ్రాయు అనుమతి రాదు.

లోపము వాడువారిదే యనుట న్యాయము కాదు. ఒక ఫైలుకు ఒకే సమూహమను నియమము ఇరుకైనది. కూర్పువారు వ్రాయవలెను, ధ్వనివారు చదువవలెను, ఇతరులు చూడరాదు అన్నచో ఈ మూడంకెలు చాలవు. విడిగా అనుమతుల పట్టిక కావలెను. అంతేకాదు, చదువగలవాడు నకలు తీయకుండ ఏ అంకెయు ఆపలేదు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రము విడుదలకు ముందే కొంత భాగము బయటికి పొక్కినది. సినిమావారికి ఇట్టి నష్టము ఊహామాత్రము కాదు. పనికి కావలసినంత అధికారమే ఇయ్యవలెనని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లో చెప్పిన సూత్రమునకు విలువ ఇందువలననే.

ఉపాధ్యాయులు 777ను జవాబుగా గాక ప్రశ్నగా ఇచ్చుట మేలు: ఇందు ఎవరికి ఏ అధికారము అనవసరముగా పోయినది?