‘పరకీయ’ను వరించిన విమర్శ: సురేశ్ జోషి అనువాద దృష్టి

ఉపోద్ఘాతం

ఆధునిక గుజరాతీ సాహిత్య చర్చల్లో సురేశ్ జోషి (1921–1986) ప్రస్తావన రెండు విధాలుగా సాగుతుంది. గుజరాతీ కథను మలుపు తిప్పిన ప్రయోగశీలిగా ఆయనను ప్రశంసించినవారు ఉన్నారు. పాశ్చాత్య ఆధునికతను అరువు తెచ్చిన విమర్శకుడిగా ఆక్షేపించినవారూ ఉన్నారు. ఈ రెండు దృక్పథాలలోనూ ఆయన అనువాదాలు అనుబంధ స్థానంలోనే మిగిలిపోయాయి. జోషి విమర్శ సూత్రాలు పరీక్షకు నిలిచినది అనువాదంలోనేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఘటనా తిరోధానం

దక్షిణ గుజరాత్‌లోని వాలోడ్‌లో జన్మించిన జోషి 1951 నుండి మూడు దశాబ్దాలపాటు బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో బోధించారు. ‘క్షితిజ్’, ‘ఊహాపోహ్’, ‘ఏతద్’ వంటి పత్రికలను నడిపారు. 1957లో వెలువడిన ఆయన తొలి కథాసంపుటి ‘గృహప్రవేశ్’తో ‘ఘటనా తిరోధానం’ అనే భావన చర్చనీయాంశమైంది. తిరోధానమంటే సంఘటన లేకపోవడం కాదు. సంఘటన కనుమరుగై, దాని ప్రకంపన రచనా రూపంలో నిలవడం. కథలో జీవిత సందేశాన్ని వెదికే అలవాటున్న విమర్శకు ఆయన రూపనిర్మితి అనే కొలమానాన్ని ఇచ్చారు.

పదేళ్ల తర్వాత, 1967లో, దోస్తోయెవ్‌స్కీ రచించిన అధోలోకపు మనిషి కథనాన్ని ఆయన గుజరాతీ చేశారు. ఆ నవలిక తొలి భాగంలో సంఘటనలు దాదాపు శూన్యం, ఉన్నదంతా ఆత్మవిచారణే. మలిభాగంలోని సంఘటనలు కూడా స్మృతిలో వక్రీభవించి కనిపిస్తాయి. కనుక ఈ ఎంపికను యాదృచ్ఛికమనలేము. తాను ప్రతిపాదించిన సిద్ధాంతానికి గుజరాతీ వాక్యం ఎంతవరకు తాళగలదో చూసుకొన్న సందర్భమిది.

శీర్షికలో సిద్ధాంతం

1975లో ప్రచురించిన అనువాద కవితల సంపుటికి జోషి ‘పరకీయా’ అని పేరు పెట్టారు. అలంకారశాస్త్రం స్వీయ, పరకీయ, సామాన్య అని నాయికలను విభజించింది. పరకీయ అన్యురాలు. ఆమెపై నాయకునికి అనురాగమే గాని హక్కు లేదు. ఈ పేరును అనువాద సూత్రంగా చదవవచ్చు. అన్యభాషా కవితను ప్రేమించవచ్చు, సొంతం చేసుకోరాదు. దాని పరాయితనాన్ని చెరిపివేస్తే ఆ అనురాగ తీవ్రతే నశిస్తుంది. అరువు సరుకన్న ఆక్షేపణకు జోషి భారతీయ కావ్యశాస్త్ర పరిభాషలోనే సమాధానమిచ్చినట్లయింది.

అయితే ఈ రూపకం ఒక విషయాన్ని మరుగుపరుస్తుంది. నాయికా నాయకుల మధ్య దూతిక ఉంటుంది. యూరోపీయ కవిత్వం జోషికి ప్రధానంగా ఇంగ్లీషు ద్వారా చేరింది. రూపమే కవిత్వ సర్వస్వమని నమ్మిన విమర్శకుడు మూలరూపాన్ని మధ్యవర్తి భాషలో చూడవలసి రావడం ఆయన సిద్ధాంతంలోని పరిష్కారం కాని చిక్కు.

పాఠకుని ప్రశ్న

జోషి గ్రంథనామాలను వరుసగా చూస్తే మరొక అంశం స్ఫురిస్తుంది: ‘జనాంతికే’ (1965), ‘శృణ్వంతు’ (1972), ‘అరణ్యరుదన్’ (1976), ఆ తర్వాత ‘చింతయామి మనసా’. రంగస్థలంపై జనాంతికంగా మొదలైన మాట ‘వినండి’ అన్న పిలుపై, అరణ్యరోదనమై, చివరకు మనసులోని చింతనగా మిగిలింది. ఈ చివరి గ్రంథానికి 1983లో ప్రకటించిన సాహిత్య అకాడెమీ పురస్కారాన్ని ఆయన తిరస్కరించారు. పరభాషా కవితకు చేరువైన విమర్శకుడు స్వభాషా పాఠకునికి దూరమయ్యాడా? దళిత, దేశీవాద దృక్పథాల నుండి చూసినప్పుడు ఈ ప్రశ్నకు బలముంది. కాని మూలభాషలు తెలియని గుజరాతీ పాఠకుని కోసమే ఆయన అనువదించారన్నది విస్మరించరాదు.

ముగింపు

జోషి విమర్శను అనువాదాల నుండి విడదీసి చదివితే కేవల రూపవాదం కనిపిస్తుంది. కలిపి చదివితే, తన ప్రమాణాలను అన్యభాషా రచన ముందు నిలబెట్టిన సాహసం, ఆ సాహసపు పరిమితి రెండూ కనిపిస్తాయి. గుజరాతీ విమర్శను మనం సాధారణంగా హిందీ, ఇంగ్లీషుల ద్వారానే తెలుసుకొంటున్నాము. కనుక దూతికను గుర్తించవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులపైనా ఉంది.