సెప్టెంబరు నిబంధనలోని ప్రకటన చిత్రములు: ఒక పరిశీలన

మార్టిన్ లూథర్ జర్మను భాషలోనికి తర్జుమా చేసిన క్రొత్త నిబంధన 1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గులో అచ్చయినది. ఆ తర్జుమాను గూర్చి మన విద్యార్థులు చదువుదురు గాని, అందులోని బొమ్మలను గూర్చి ఆలోచించువారు తక్కువ. లూకాస్ క్రానాక్ పనిశాలలో చెక్కపలకలపై చెక్కిన 21 నిండుపుట చిత్రములు అందులో ఉన్నవి. అన్నియు ప్రకటన గ్రంథమునకు చెందినవే. సువార్తలకు గాని పత్రికలకు గాని అటువంటి చిత్రము ఒక్కటియు లేదు.

ఇందులో ఒక వింత ఉన్నది. ప్రకటన అపొస్తలుని రచనగా గాని ప్రవక్త రచనగా గాని తనకు తోచుట లేదని లూథర్ ఆ పుస్తకములోనే పీఠిక వ్రాసెను. 1530లో ఆ పీఠిక స్థానములో వేరొకటి చేర్చెను. అనగా అనువాదకుడు సందేహించిన గ్రంథమునే చిత్రకారుడు నిస్సందేహముగా వివరించెను.

క్రానాక్‌కు మాదిరి ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1498లో ప్రచురించిన 15 ప్రకటన చిత్రములు. కళానైపుణ్యములో డ్యూరర్‌దే పైచేయి. అయితే ఆయన అనేక దర్శనములను ఒకే పుటలో ఇమిడ్చెను. క్రానాక్ వాటిని విడదీసి, వాక్యభాగముల దగ్గర ఉంచెను. సామాన్య పాఠకునికి ఇది మేలు. ఈ విషయములో క్రానాక్‌ను మేము మెచ్చుకొనుచున్నాము.

మా అభ్యంతరము 17వ అధ్యాయపు చిత్రముపై. మృగముపై కూర్చున్న స్త్రీ వస్త్రములను, ఆభరణములను, చేతిలోని పాత్రను యోహాను వర్ణించెను, కిరీటమును చెప్పలేదు. క్రానాక్ ఆమె తలపై పోపు ధరించు మూడంతస్తుల కిరీటము పెట్టెను. 11, 16 అధ్యాయముల చిత్రములలో మృగమునకును అదే కిరీటము. 1522 డిసెంబరు ముద్రణకు పలకలలో పై అంతస్తులను చెక్కివేసి, దానిని మామూలు కిరీటముగా మార్చిరి. 1534లో సంపూర్ణ బైబిలుకు క్రొత్త చిత్రములు చేసినప్పుడు మూడంతస్తులు తిరిగి వచ్చినవి. ఈ పండ్రెండేండ్లలో యోహాను వాక్యము మారలేదు, మారినది బొమ్మ.

మరియొక సంగతి గమనింపదగినది. లూథర్‌ను తీవ్రముగా ఎదిరించిన హీరోనిముస్ ఎమ్సర్ క్రొత్త నిబంధన 1527లో డ్రెస్డెనులో వెలువడినప్పుడు, ప్రకటన గ్రంథమునకు క్రానాక్ పలకలనే వాడిరి. కిరీటము తగ్గగానే అదే బొమ్మ ప్రత్యర్థులకును పనికివచ్చెను. కాబట్టి నిందయంతయు ఆ కొద్దిపాటి చెక్కలోనే ఉండెను.

చిత్రము వ్యాఖ్యానమే. వ్యాఖ్యానము చేయుట తప్పు కాదు. అది మూలవాక్యముగా చెలామణి అగుటయే ప్రమాదము. పీఠికలోని అభిప్రాయముతో పాఠకుడు వాదింపగలడు. బొమ్మ అయితే వాదమునకు తావీయక మనస్సులో నిలిచిపోవును. తరువాత ఆ అధ్యాయము చదువునప్పుడెల్ల ఆ కిరీటమే కనబడును. మృగమునకు తమ కాలపు శత్రువు ముఖము తగిలించి పటములు చూపు బోధకులు నేటికిని ఉన్నారు. పటము చూపకముందు, అందులో యోహాను చెప్పినదెంత, మనము చేర్చినదెంత అని వేరుచేసి సంఘమునకు చెప్పుట కాపరి బాధ్యతయని మా అభిప్రాయము.