సదస్సు పక్క గదిలో

సైన్సు సదస్సు అనగానే వేదిక, ప్రసంగాలు, పత్రాలే గుర్తొస్తాయి. శాస్త్రవేత్తలు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌కు ఆయుష్షు పోసేది మాత్రం చాలాసార్లు సాయంత్రం పూట ఖాళీగా దొరికిన పక్క గదే. ఒకే పనిముట్టును రాసేవాళ్లూ వాడేవాళ్లూ అక్కడ గంటసేపు కూర్చుంటే దాన్ని బీఓఎఫ్ అంటారు. ఒకటి రెండు రోజులుండి కోడ్ రాస్తే అది స్ప్రింట్.

మన దగ్గర ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. 2010 డిసెంబరులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సైపై ఇండియా సదస్సు జరిగింది. సైన్సు కోసం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల సభ అది. ప్రసంగాలు, శిక్షణతో పాటు స్ప్రింట్లకూ అందులో చోటిచ్చారు. ఆ అవసరం ఎందుకొచ్చిందో పైథాన్ పనిముట్ల పుట్టుక చూస్తే తెలుస్తుంది. ఐపైథాన్‌ను 2001లో ఫెర్నాండో పెరెజ్ భౌతికశాస్త్ర విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టారు. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను జాన్ హంటర్ మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను చూసేందుకు రాసుకున్నారు. సొంత పరిశోధనకు రాసుకున్నవి ప్రపంచం చేతికి వెళ్లాయి. వాటి మంచిచెడ్డలు చూసేందుకు అప్పట్లో జీతమిచ్చి మనిషిని పెట్టే యజమాని లేడు. ఊరికొకరుగా ఉన్న రచయితలు ముఖాముఖి కలిసేది సదస్సుల్లోనే. జీవశాస్త్ర సమాచారం మీద పనిచేసేవాళ్లదీ ఇదే దారి. 2000లో మొదలైన వాళ్ల ఓపెన్ సోర్స్ సదస్సు బాస్క్‌కు 2010 నుంచి కలిసి కోడ్ రాసే కోడ్‌ఫెస్ట్ తోడైంది.

గది దొరికితే చాలనుకుంటే పొరపాటు. అసలు పని నెల ముందే మొదలవ్వాలి. నిర్వాహకులకు రాసి సమయం ఖాయం చేసుకోవాలి. భోజన విరామం వద్దు, ఆకలి ముందు ఏ చర్చా నిలవదు. ఇక విషయం ఒక్కటే ఉండాలి. ‘సైన్సులో సాఫ్ట్‌వేర్ భవిష్యత్తు’ అని పెడితే గది నిండుతుంది, ఏదీ తేలదు. ‘వచ్చే విడుదలలో ఈ ఫైల్ ఫార్మాట్ మార్చాలా?’ అంటే పదిమందే వస్తారు, తేల్చుకుని లేస్తారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఇంజనీర్లకు ఈ ముందస్తు సన్నాహం ఎంత ముఖ్యమంటే, బీఓఎఫ్‌ను ఎలా నడపాలో చెబుతూ థామస్ నార్టెన్ రాసిన పత్రాన్ని 2009లో తమ పత్రాల వరసలో ఆర్‌ఎఫ్‌సీ 5434గా వెలువరించారు. సమస్యేమిటో ముందే తేటగా రాసుకుని, చర్చించుకుని రండనేది అందులో ముఖ్యమైన సలహా.

గదిలోకి వెళ్లగానే వరస కుర్చీలను గుండ్రంగా జరపండి. ప్రొజెక్టర్ ఆపేయండి, అది ఉన్నంతసేపూ ఒకరే మాట్లాడతారు. సభ నడిపేవారు నోట్స్ రాయకూడదు, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పాలి. ఒప్పుకున్న ప్రతి పని పక్కనా ఒక పేరు, ఒక తేదీ పడాలి. పేరు పడని పనిని అక్కడే కొట్టేయడం మేలు. స్ప్రింట్ అయితే కావలసిన ప్యాకేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లలో తెచ్చుకోండి. ముప్పై ల్యాప్‌టాప్‌లు ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెడితే కాలేజీ వైఫై కూలబడుతుంది, ఉదయమంతా దానికే పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు డాక్యుమెంటేషన్‌లో ఒక తప్పు దిద్దే పని ఇచ్చి, సాయంత్రంలోగా ఆ మార్పును అసలు కోడ్‌లో కలిపించండి. తన పేరు అక్కడ చూసుకున్న విద్యార్థి మళ్లీ వస్తాడు.

ఇదంతా హైదరాబాద్‌కే ఎందుకు ఆగిపోవాలి? నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. 2023లో రెండుచోట్లా ఐటీ టవర్లు తెరిచారు. కలిసి పనిచేయడానికి విషయమూ ఉంది, నీరు: పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ప్రపంచమంతటా నల్లగొండ పేరుతోనే తెలుసు. బోరు నీటి పరీక్షల లెక్కలను ఊరూరా మ్యాపు మీదికి ఎక్కించడానికి క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లెక్కలు తెలిసిన రసాయనశాస్త్రం వాళ్లూ కోడ్ తెలిసిన పిల్లలూ ఒక గదిలో కూర్చోవడమే మిగిలింది. ఈ రెండు యూనివర్సిటీల అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: ఈసారి నీటి మీద సదస్సు పెట్టినప్పుడు చివరి రోజు సాయంత్రం ఆ పిల్లలకు ఒక గది ఇవ్వండి, ఆహ్వానపత్రంలో దాని వేళ కూడా అచ్చు వేయించండి.