గుమ్మడి వంట కింద ఎవరి సంతకం?

కిలో గుమ్మడిపండు తురిమి, గుడ్డమీద వేసి, కొసలు పట్టుకుని గట్టిగా మెలితిప్పి పిండితే మిగిలేది సుమారు 300 గ్రాములు. ఈ లెక్క పెల్లెగ్రీనో అర్తూసి పుస్తకంలో ఉంది. 'వంటింట్లో శాస్త్రం, చక్కగా తినే కళ' అనే అర్థం వచ్చే పేరుతో ఆయన 1891లో ఫ్లోరెన్సులో సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న పుస్తకమది. శరత్తులోనో చలికాలంలోనో చేసుకునే గుమ్మడి తీపిరొట్టె గురించి చెబుతూ ఈ మాట అంటాడు. పిండిన ఆ గుమ్మడిని పాలలో ఉడికించాలి, బాదంపప్పు నూరి కలపాలి, గుడ్లు, పంచదార, దాల్చినచెక్క వెయ్యాలి. వాక్యాలు హాయిగా ఉంటాయి. పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ 700 గ్రాముల నీళ్లు పిండిన మణికట్లు ఎవరివి?

ఈ ప్రశ్న నాకు నాగా తట్టింది కాదు. కొన్నేళ్ల క్రితం ఒక సదస్సులో ఆహారం, స్త్రీల జ్ఞానం అంటూ ఒక పత్రం చదివాను. 'అమ్మమ్మల చేతుల్లో తరతరాలుగా భద్రంగా ఉన్న జ్ఞానం' అన్న మాట అందులో నాలుగైదు చోట్ల వచ్చింది. ఆ మాట రాసినప్పుడు నాకు చాలా తృప్తిగా ఉండింది కూడా. చదవడం అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "ఆ అమ్మమ్మల్లో ఒక్కరి పేరైనా చెప్పమ్మా" అంది. నా దగ్గర ఉదాహరణలు బోలెడున్నాయి. పేరు ఒక్కటీ లేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది.

ఆ తర్వాతే ఇటలీ ప్రాంతీయ వంటల మీద పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. ఇటాలియన్ నాకు రాదు. ఇంగ్లీషు అనువాదాల మీదుగా వెళ్లినదాన్నే. అయినా అక్కడికే వెళ్లడానికి ఒక కారణం ఉంది. వంట గురించి అచ్చులో ఐదు శతాబ్దాల పైగా రాతలున్న దేశమది. ఎవరి పేరు నిలిచిందో, ఎవరిది నిలవలేదో అక్కడ కాగితం మీద చూడొచ్చు. అన్నీ వదిలేసి గుమ్మడికాయనే పట్టుకున్నాను. అది రాజుల విందులోనూ ఉంది, కూలివాళ్ల కుండలోనూ ఉంది కాబట్టి.

అసలు దాని పేరే దానిది కాదు. 1492కి ముందు ఇటలీలో 'త్సుక్కా' అంటే మన సొరకాయ జాతి. అమెరికా నుంచి గుమ్మడి వచ్చాక, పదహారో శతాబ్దంలో, ఆ పేరు మెల్లగా కొత్త కాయకి దఖలుపడింది. మన తీపిగుమ్మడి పుట్టిల్లు కూడా ఆ ఖండమే. వాళ్ల మాటల్లో త్సుక్కా అంటే తలకాయ కూడా. మొద్దు మనిషిని 'త్సుక్కోనే' అంటారు. మనకీ బుర్ర అంటే ఎండిన సొరకాయ డొల్లా, తలకాయా రెండూనూ. ఈ పోలిక చూసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది.

ఇక విందు సంగతి. ఉత్తర ఇటలీలో పో నది మైదానంలో ఫెరారా, మాంటువా అని రెండు పాత రాజధానులున్నాయి. రెండు చోట్లా గుడ్డు కలిపిన గోధుమపిండిని పల్చగా ఒత్తి, మధ్యలో గుమ్మడి ముద్ద పెట్టి, మడిచి ఉడికిస్తారు. మాంటువాలో ఆ ముద్దలో చిరుచేదు బాదం బిస్కెట్ల పొడి, ఆవఘాటు పట్టించిన పళ్లపాకం కలుస్తాయి. తీపీ కారమూ ఉప్పూ ఒకే ముద్దలో. వీటిని తొర్తెల్లి అంటారు. మాంసం ముట్టని క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనంలో ఇవి ఉండాల్సిందే. ఫెరారా వాళ్లు బిస్కెట్లూ పాకమూ వెయ్యరు. గుమ్మడి, జున్ను, జాజికాయ అంతే. పెద్ద టోపీల్లా మడుస్తారు కాబట్టి కప్పెల్లాచ్చి అంటారు. మాంసం కూరతోనైనా సరే, వెన్నా సేజ్ ఆకుతోనైనా సరే తింటారు. ఎవరిది అసలైనది అన్న పంతం ఈ రెండు ఊళ్లమధ్యా ఉంది.

1584లో ఫెరారాలో అచ్చయిన 'దెల్లో స్కాల్కో' అనే పుస్తకంలో వెన్నతో వడ్డించిన గుమ్మడి తొర్తెల్లి కనబడతాయి. రాసినవాడు జొవాన్ బత్తిస్తా రొస్సెత్తి. ఎస్తె రాజవంశపు ఆడపడుచు లుక్రెత్సియా కొలువులో విందుల పర్యవేక్షకుడు. పిండి పిసికినవాడు కాడు, పిసికించినవాడు. 2016లో ఫెరారా కప్పెల్లాచ్చికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అంటే ఊరికి పేరుంది. రాజవంశానికి పేరుంది. రొస్సెత్తికి పేరుంది. నాలుగొందల ఏళ్లు ఇళ్లలో ఆ పిండి ఒత్తినవాళ్లకు మాత్రం 'నొన్నా' అన్న ఒక్క మాట. నొన్నా అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ఇటలీ వంట గురించి ఏ అట్ట తిప్పినా ఆవిడ బొమ్మే. నా సదస్సు పత్రంలోని అమ్మమ్మకి ఆవిడ అక్కో చెల్లెలో.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. వంటకం సమష్టి సృష్టి కదా, దానికి ఒక్కరి సంతకం కావాలనడం వ్యక్తివాదం కాదా అని. ఈ మాట మన స్త్రీవాద మిత్రులే ఎక్కువగా అంటారు. నేనూ అనేదాన్ని. కానీ చూడండి, రొస్సెత్తి ఎందుకు సమష్టిలో కలిసిపోలేదు? అతనికి ముందు ఆ వంట ఎవరూ చెయ్యలేదా? చేసింది ఆడమనిషి అయినప్పుడే, పేదమనిషి అయినప్పుడే మనకి సమష్టి గుర్తొస్తోంది.

పేద అన్నాను కాబట్టి సిసిలీ మాట కూడా ఒకటి. పలెర్మోలో గుమ్మడి ముక్కలు వేయించి వెనిగర్, పంచదార, వెల్లుల్లి, పుదీనా పట్టిస్తారు. దాని పేరు 'ఏడు ధారల కాలేయం'. ఏడు ధారల ఫౌంటెన్ ఉన్న సంత చౌకులో, దొరలు తినే కాలేయం కొనలేనివాళ్లు అదే పుల్లటి తీపి పాకంలో గుమ్మడి వండుకున్నారని చెప్పుకుంటారు. వంటకానికి పేరు దొరికింది, కానీ అది తినలేనిదాని పేరు.

మళ్లీ అర్తూసి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆయన విషయంలో నా కోపం నిలబడటంలేదు. ఆయన వ్యాపారం చేసి డబ్బు గడించి, తీరుబడిగా పుస్తకాలు రాసుకున్న బ్రహ్మచారి. వంటింట్లో మారియెత్తా సబతీని, ఫ్రాంచెస్కో రుఫిల్లి అని ఇద్దరు పనిచేసేవాళ్లు. 475 వంటకాలతో మొదలైన పుస్తకం ఆయన బతికుండగానే 790కి పెరిగింది. పెరిగిన ప్రతిదీ ఆ ఇంటి పొయ్యిమీద పరీక్షకి నిలబడాల్సిందే. అర్తూసి ఒకచోట ఈ సంగతి ఒప్పుకుంటాడు. పనెత్తోనె అనే పండగ రొట్టెకి మారియెత్తా పేరు పెట్టి, ఇది తన దగ్గరే నేర్చుకున్నానంటాడు. బావుంది. కానీ కారణం చెప్పేటప్పుడు, మంచి వంటమనిషి అనడంతో ఆగడు. మంచిదీ నిజాయితీపరురాలూ అని కూడా కలుపుతాడు. ఏ మగ వంటవాడి ఘనతనైనా అతను దొంగతనం చెయ్యడన్న హామీతో కలిపి చెప్పగా విన్నామా? అది గ్రంథకర్త తోటి గ్రంథకర్తకిచ్చే మెప్పు కాదు. యజమాని ఇచ్చే యోగ్యతాపత్రం.

అయినా 1911లో ఆయన పోయినప్పుడు వీలునామా ప్రకారం పుస్తకం హక్కులు మారియెత్తాకీ ఫ్రాంచెస్కోకీ దక్కాయి. ఇది చిన్న విషయం కాదు. అట్టమీద ఇవ్వని చోటు ఆస్తిలో ఇచ్చాడు. ఆయనకి తెలుసన్నమాట. తెలిసీ అట్టమీద ఎందుకు వెయ్యలేదంటే, వెయ్యొచ్చన్న ఊహే ఆ కాలానికి రాలేదు. తన పుస్తకం ప్రచురణకర్తల దగ్గర పడ్డ తిప్పల్ని చెబుతూ ముందుమాటలో అది సిండ్రెల్లా కథలాంటిదన్నాడు. గుమ్మడికాయ రథం అయ్యే సిండ్రెల్లా ఫ్రాన్సులో పెర్రో 1697లో రాసింది. అంతకన్నా ముందు నేపుల్స్ భాషలో బజీలే రాసిన సిండ్రెల్లాకి గుమ్మడికాయ రథం లేదు, ఖర్జూరపు మొక్క ఉంది. ఏ కథలోనైనా సిండ్రెల్లా అంటే బూడిదలో కూర్చున్న పిల్లే. పొయ్యిదగ్గర మారియెత్తాని పెట్టుకుని ఆ పోలికని పుస్తకానికి వాడుకోవడం చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను.

సంతకం పెట్టిన ఆడవాళ్లు అసలు లేరా? ఉన్నారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తొర్తెల్లి ఊరి ఆడపడుచే. అమాలియా మొరెత్తి ఫోజ్జా 1872లో మాంటువాలో పుట్టింది. వైద్యం చదివిన తొలితరం ఇటాలియన్ స్త్రీలలో ఒకరు. మిలన్‌లో పిల్లల డాక్టరుగా పనిచేసింది. 'లా దొమెనికా దెల్ కొర్రియెరే' అనే వారపత్రికలో ఆవిడ రెండు శీర్షికలు రాసింది. వైద్య సలహాలు 'దొత్తోర్ అమాల్' పేరుతో. అంటే డాక్టర్ అమాల్ అనే మగవాడి పేరుతో. వంటలేమో 'పెత్రొనిల్లా' పేరుతో. పెత్రొనిల్లా అంటే పిల్లల పత్రికలో వచ్చే అమెరికన్ బొమ్మల కథలో మొగుణ్ణి అప్పడాల కర్రతో తరిమే పెళ్లాం. ఒకే చెయ్యి, ఒకే పత్రిక. మందు రాసినప్పుడు మగవాడు, వంట రాసినప్పుడు గయ్యాళి ఇల్లాలు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో గుడ్లూ వెన్నా దొరక్కపోతే ఏం చెయ్యాలో పెత్రొనిల్లా పుస్తకాలే ఇళ్లలో చెప్పాయి. డాక్టరు చదువు లేకపోతే ఆ పుస్తకాలు అలా ఉండేవని నేననుకోను. కానీ ఆ చదువు ఆ సంతకంలో కనబడకూడదు.

మన మాలతీ చందూర్ గుర్తొస్తారు. ఆవిడ వంటల పుస్తకం సొంత పేరుతోనే వేశారు. అయితే సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఆ నవలా రచయిత్రిని కూడా వంటల పుస్తకం రాసినావిడగానే తలుచుకునేవాళ్లు మన సాహిత్య సభల్లోనే ఎందరో.

ఇంతసేపూ వండిన ఆడవాళ్ల గురించే రాశాను. తినే ఆడవాళ్ల మాటేమిటి? వంట మీద స్త్రీవాద విమర్శలో తినే స్త్రీ చాలా అరుదు. నాకు ఆమె ఒక నాటకంలో దొరికింది. కార్లో గోల్దోనీ రాసిన 'లే బరూఫే కియొజ్జోత్తే', 'కియొజ్జా కొట్లాటలు'. వెనిస్‌లో 1762లో ప్రదర్శించారు. కియొజ్జా వెనిస్ దగ్గరి చేపలరేవు. అక్కడి గుమ్మడికి కప్పచర్మంలా పైనంతా బొడిపెలు, లోపల కాషాయం లాంటి గట్టి గుజ్జు. కాల్చిన ముక్కలు వీధుల్లో అమ్మేవారు.

నాటకం మొదట్లో ఆడవాళ్లు వీధిలో కూర్చుని లేసు అల్లుతుంటారు. మగవాళ్లు సముద్రం మీద ఉన్నారు. తొఫ్ఫోలో అనే పడవవాడు వచ్చి లుచియెత్తా పక్కన కూర్చుంటాడు. కాల్చిన గుమ్మడి అమ్మే కుర్రాడు వస్తే ముక్కలు కొని ఆమెకిస్తాడు. ఆమె తింటుంది. అంతే జరిగింది. ఆమెకి పెళ్లి మాట్లాడుకున్నవాడు సముద్రం మీద ఉన్నాడు. తొఫ్ఫోలో మీద మనసున్న కేక్కా పక్కనే కూర్చుని చూస్తోంది. మగవాళ్లు ఒడ్డుకి వచ్చేసరికి ఆ గుమ్మడి ముక్క మాటలై, రాళ్లై, కత్తులై, చివరికి న్యాయాధికారి కచేరీకి ఎక్కింది. ఆడవాళ్లని ఒక్కొక్కరినే పిలిచి పేరూ వయసూ అడుగుతాడు ఆ అధికారి. వయసు అడిగేసరికి లీబెరా అనే ఆమెకి ఉన్నట్టుండి చెవుడు వస్తుంది. ఆ ఘట్టం చదువుతూ నేను గట్టిగా నవ్వాను.

గోల్దోనీ కుర్రతనంలో కియొజ్జా కచేరీలో అలాంటి ఉద్యోగమే చేశాడు. అంటే ప్రశ్నలడిగినవాడూ నాటకం రాసినవాడూ ఒకరే. అతనికి ఆ ఆడవాళ్లంటే ఇష్టమే, అది ప్రతి మాటలోనూ తెలుస్తుంది. అయినా గుమ్మడి కొనిచ్చిన తొఫ్ఫోలో మర్యాద గురించి నాటకంలో ఎవరికీ చింత లేదు. తిన్న లుచియెత్తా మర్యాదే పణం.

ఆఖర్న మూడు పెళ్లిళ్లు కుదిరాక లుచియెత్తా ఆ అధికారిని ఒకటి కోరుతుంది. మీరు పరాయివారు, ఇక్కణ్ణించి వెళ్లిపోతారు, కియొజ్జా ఆడవాళ్లు కొట్లాటలమారులని బయట చెప్పకండి, మేం మర్యాదస్తులం, కాకపోతే నవ్వుతూ తుళ్లుతూ ఉంటాం అని. ఆమె ఆ మాట అంటున్న నాటకానికి పేరు అప్పటికే పెట్టేశారు.