ఏ పేరు క్రింద ఉంచాలి? – సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పరిశీలన

“వాళ్ళ ఖురానులు చూడడానికి మనము చార్జీలు పెట్టుకొని హైదరాబాదు వెళ్ళాలా అయ్యగారూ?” అని మా సంఘపెద్ద ఒకరు అడిగారు. చోడవరము సంఘ యువకులను సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకొని వెళ్ళాలని మేము తలపెట్టినప్పటి మాట ఇది. ఆయన కోపముతో అడగలేదు, నిజముగానే తెలియక అడిగారు. “లోకజ్ఞానము కూడా కావాలి గదండీ” అని మేము అప్పుడు చెప్పిన జవాబు చాలా బలహీనమైనదని అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికే మాకు తెలుసు. ఈ వ్యాసమును ఆయనకు ఆలస్యముగా ఇస్తున్న జవాబు అనుకోవచ్చును.

ముందుగా స్థలమును గూర్చి క్లుప్తముగా. మూడవ సాలార్‌జంగ్‌గా పేరొందిన మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) 1912 నుండి 1914 వరకు ఏడవ నిజామునకు దివానుగా పనిచేసి, ఆ తరువాత వస్తుసేకరణలో జీవితమును గడిపారు. ఆయన అవివాహితునిగా మరణించగా, ఆ సేకరణను 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించి ప్రజలకు తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టము వలన ఇది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ అయింది. 1968లో మూసీనది దక్షిణపు ఒడ్డున ఇప్పుడున్న భవనములోనికి మారింది.

ఒక ముస్లిము ప్రభువు సొత్తు గనుక అంతా ఇస్లాము వస్తువులే ఉంటాయని మా యువకులు అనుకొన్నారు. లోపల వారికి ఎదురైనవి విష్ణు విగ్రహాలు, బుద్ధుని ప్రతిమలు, చైనా పింగాణి, ఫ్రెంచి కుర్చీలు. బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారము ఎదుట అందరితో పాటు మేము కూడా కూర్చొన్నాము. విమర్శకులకు ఇక్కడ మినహాయింపు లేదు.

మా ప్రశ్న ఇక్కడే మొదలైంది. “ఇస్లామిక్ కళ” అంటే ఏమిటి? ఇది ముస్లిములు తమ కళకు తాము పెట్టుకొన్న పేరు కాదు. పందొమ్మిదవ శతాబ్దములోను ఆ తరువాతను ఐరోపా పండితులు, సేకరణకర్తలు స్థిరపరచిన వర్గము. స్పెయిను మొదలుకొని మన దక్కను వరకు వేయి సంవత్సరాలకు పైబడిన పనితనమంతటినీ ఒకే గంపలో వేసిన పేరు అది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2011లో ఆ గ్యాలరీలను తిరిగి తెరిచినప్పుడు ఈ ఒక్క మాటకు బదులు అరబ్బు దేశాలు, టర్కీ, ఇరాను, మధ్య ఆసియా, దక్షిణ ఆసియా అని ప్రాంతాల పేర్లు పెట్టింది. 2008లో దోహాలో తెరిచిన మ్యూజియం మాత్రము “ఇస్లామిక్ కళ” అనే పేరునే ధరించింది. సాలార్‌జంగ్‌లోను ఆ కళకు ప్రత్యేక గ్యాలరీ ఏర్పాటును గూర్చి పత్రికలలో చదివాము.

అలాంటి గ్యాలరీలో ఏమేమి పెట్టాలి? జేడ్ రాతి వస్తువులలో జహంగీరు బాకు, నూర్జహాను పండ్లకత్తి అని పేరుపడినవి ఉన్నాయి. పండు కోసే కత్తిలో ఇస్లాము ఎక్కడున్నది? అదే రాతితో చేసి, ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన గ్రంథపీఠము కూడా ఇక్కడున్నది. పరిశుద్ధ గ్రంథమును నేలను తాకనియ్యకుండా ఎత్తి పట్టుకొనేది ఆ పీఠము. దానిలో ఇస్లాము ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు. రాయి ఒక్కటే గాని పని వేరు.

ఇక రిబ్కా విషయము. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెన్జోని చెక్కిన “ముసుగు వేసుకొన్న రిబ్కా”ను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. పాలరాతిని పలుచని బట్టవలె చేసి, ఆ బట్టలోనుండి ముఖము కనబడేటట్లు చెక్కిన నైపుణ్యమును చూచి ఆశ్చర్యపడనివారు లేరు. ఆది. 24:65 మా యువకులలో ఒక్కరికే జ్ఞాపకము వచ్చింది. ఇది మాకే సిగ్గుచేటు. ఆ లేఖనభాగములో రిబ్కా పొలములో నడచి వస్తున్న మనుష్యుడెవరో తెలిసికొని, తనను కప్పుకొంటుంది. ఆమె దాచుకొనుటకు వేసుకొన్న ముసుగును శిల్పి చూపించుటకు వాడుకొన్నాడు. పని గొప్పది, వ్యాఖ్యానము సరికాదు అని మా అభిప్రాయము.

ఇంతకూ ఈ శిల్పమును ఎవరూ “క్రైస్తవ కళ” అనరు. కథ మన గ్రంథములోనిదే అయినా ఐరోపా శిల్పమనే అంటారు. జహంగీరు బాకు మాత్రము ఏ పుస్తకము తెరిచినా “ఇస్లామిక్ కళ”లోనే కనబడుతుంది. ఒకరి వస్తువులకు దేశము పేరు, మరొకరి వస్తువులకు మతము పేరు. ఒకరి ఆయుధములు కూడా వారి విశ్వాసము లెక్కలోనికే పోతున్నాయి.

ఈ సంగతి మాకు ఎందుకు పట్టింది? మన ఊళ్ళలో మనలను “దొరల మతమువారు” అన్నప్పుడు కలిగే నొప్పి మనకు తెలుసు. 1805లో లండను మిషనరీలు విశాఖపట్నము వచ్చిన మాట నిజమే. అయితే అక్కడ దేగ్రాంజెస్‌కు సువార్తల తర్జుమాలో తోడుగా కూర్చొన్న ఆనందరాయరు దొర కాడు. ఆ పనిలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినాయి. ఈ సంగతులు చెప్పి మన పక్షమున వాదించుకొంటాము. అలాంటి మేమే ప్రసంగపీఠము మీదినుండి ముస్లిములను గూర్చి చెప్పినప్పుడు బాకునే చూపించాము గాని గ్రంథపీఠమును చూపించలేదు. గోలకొండ నవాబు ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580)ను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారనీ, అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చాడనీ మాకు తెలియక కాదు. ప్రసంగములో దానికి చోటు దొరకలేదు, అంతే.

ఖురాను ప్రతుల దగ్గర మేము ఎక్కువసేపు నిలిచాము. ప్రాచీనమైన కూఫీ లిపి కోణాలు కోణాలుగా, గోడ కట్టినట్లు ఉంటుంది. అన్నిటికంటె ప్రసిద్ధమైనది యాకూత్ అల్‌ముస్తాసిమీ (మరణము 1298) వ్రాసినదని చెప్పే ప్రతి. 1258లో మంగోలులు బాగ్దాదును నాశనము చేసినప్పుడు ఆయన ఒక మినారులో దాగి, కాగితము లేక బట్టమీద అక్షరాలు అభ్యాసము చేస్తూ కూర్చొన్నాడని ఒక ఐతిహ్యము. ఆ ప్రతిమీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల చేవ్రాళ్ళు ఉన్నాయి. 1622లో షాజహాను తండ్రిమీద తిరగబడ్డాడు. 1658లో ఔరంగజేబు తన తండ్రినే బంధించాడు. మన ఇళ్ళలో పెద్ద బైబిలు మొదటి పుటలలో జననములు, వివాహములు వ్రాసుకొన్నట్లే వారు ఒకే గ్రంథములో పేర్లు వ్రాసుకొన్నారు. ఆ ఇంటిలో మాత్రము అంతకుమించిన సమాధానము కనబడదు.

ఇస్లాములో చిత్రములు లేవు గనుకనే అక్షరమును అలంకరించారని సులువుగా చెప్పేస్తాము. ఇది సగమే నిజము. ఖురాను ఖండించేది విగ్రహములను. చిత్రకారులపై నిషేధము ముఖ్యముగా హదీసుల ఆధారముతో పెరిగింది. ఇదే మ్యూజియంలో మొఘలు, దక్కను చిత్రములలో మనుష్యుల ముఖములు నిండుగా ఉన్నాయి. మన సంగతి కూడా అంత సరళము కాదు. నిర్గమ. 20:4 చెప్పిన గ్రంథమే 25:18లో కెరూబులను చేయమన్నది, 31వ అధ్యాయములో బెసలేలును పేరు పెట్టి పిలిచింది. 1524లో జూరిచ్ ఆలయములలోని ప్రతిమలను తీసివేయించిన సంస్కర్తల వారసులము మనము. దమస్కు యోహాను ప్రతిమల పక్షమున వ్రాయగలిగినది ముస్లిము పరిపాలనలో నివసించి, ప్రతిమలను ద్వేషించిన క్రైస్తవ చక్రవర్తి చేతికి అందకుండా ఉన్నందువలననే. సంఘచరిత్రలో ఇంతటి విచిత్రము అరుదు.

యోహాను వాదమంతా శరీరధారణ మీద నిలిచింది. వాక్యము శరీరము దాల్చినది గనుక ముఖమున్నది, ముఖమున్నది గనుక చిత్రించవచ్చును. ఇస్లాములో ప్రత్యక్షత గ్రంథముగా దిగివచ్చింది. కనుక ఖురానును బైబిలుతో గాక క్రీస్తుతో పోల్చి చూడాలని పండితులు చెప్పే మాట పాతదే అయినా, ఆ పుటల ఎదుట నిలిచినప్పుడు గాని దాని బరువు మాకు తెలియలేదు. యాకూత్ గీసిన అక్షరము వారికి అలంకారము కాదు. మనకు క్రీస్తు ముఖము ఎట్టిదో వారికి అది అట్టిది. ఈ పోలికతో మేము రెండు విశ్వాసాలను సమానము చేయడము లేదు. ఎక్కడ వేరుపడ్డాయో సరిగా చూడాలంటున్నాము.

మ్యూజియంపై మా ఫిర్యాదు ఇక్కడే. ఖురాను అనే మాటకే పఠనమని అర్థము. అద్దాల పెట్టెలో అది ఒకే పుట తెరుచుకొని మౌనముగా ఉంటుంది. లిపి, కాలము, లేఖకుని పేరు ఎంత వివరముగా చెప్పినా ఆ పుట ఏమి చెబుతున్నదో అరబ్బీ రానివారికి అందదు. మా ప్రక్కన నిలిచిన ఒక వృద్ధుడు పెదవులు కదుపుతూ చదువుకొన్నాడు. ఆ గదిలో ఆ పుట పని చేసినది ఆ కొద్ది నిమిషాలే. బయటికి వచ్చి చార్మినారు వైపు నడచి, 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో రంగుల పలకల గోడలను చూచాము. 1908 మూసీ వరద క్రింది పలకలను పాడుచేసింది. అయినా మొహర్రములో ఇప్పటికీ అక్కడ ఆలములు నిలుపుతారు. అది ఇంకా ఏ గ్యాలరీలోనికీ చేరలేదు.

మా సంఘములో చదువురాని ఒక వృద్ధురాలు ఉన్నది. ప్రతి ఆదివారము బైబిలును తెల్లని గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకొని తెస్తుంది, విప్పదు. “గ్రంథమును పూజించకూడదు, చదవాలి” అని కొన్ని సంవత్సరాల క్రితము మేము ప్రసంగములో అన్న మాట ఆమెనుద్దేశించినదేనని సంఘమంతటికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఒక్క అక్షరమూ రాకుండా ఖురాను ఎదుట చేతులు కట్టుకొని నిలిచిన గంటసేపు మాకు ఆమె జ్ఞాపకము వస్తూనే ఉన్నది.

తిరిగి వచ్చిన ఆదివారము ఆరాధన తరువాత, ఆ గుడ్డ విప్పమని అడిగి, 23వ కీర్తన ఉన్న పుట తెరిచి, వరుస వెంబడి వేలు నడిపిస్తూ మెల్లగా చదివి వినిపించాము. “ఇదేనా అయ్యగారూ, ఇక్కడేనా?” అని ఆమె రెండుసార్లు అడిగింది. పుట మూల మడవబోయి మానుకొని, చీర అంచునుండి ఒక దారము తీసి అక్కడ పెట్టుకొన్నది.