ఉత్తరకథ తీర్చవలసిన బాకీ: ‘నోదమె కాంతాబిలె’ అనుబంధభాగం – ఒక పరిశీలన

ప్రవేశిక

ముగిసిన కథను మళ్లీ ఎత్తుకోవడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణము’ను పది ఆశ్వాసాలలో ముగించాడు. రామనిర్యాణం దాకా వెళ్లలేదు. ఆ భాగాన్ని తరువాతి కాలంలో జయంతి రామభట్టు పదకొండవ ఆశ్వాసంగా రచించి చేర్చాడు. కంకంటి పాపరాజు ఉత్తర రామాయణ కథను మరొకసారి ప్రబంధఫక్కిలో చెప్పాడు. ఈ చరిత్ర నుంచి రెండు సూత్రాలు తేలుతాయి. కథను ఎక్కడ ఆపాలో నిర్ణయించే స్వేచ్ఛ కవిది. ఆపినచోట ఏదో మిగిలిపోయిందన్న భావన కలిగినప్పుడే పొడిగింపుకు అవసరం ఏర్పడుతుంది. ఉత్తరకథ ఏదైనా పూర్వకథ మిగిల్చిన బాకీని తీర్చడానికి రావాలి. తీర్చలేకపోయినా, ఆ బాకీ ఉన్నదని గుర్తించాలి.

ఈ సూత్రాన్ని ఆధునిక జపనీస్ చిత్రకథకు అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. నినోమియా తొమోకొ రచించి, చిత్రించిన ‘నోదమె కాంతాబిలె’ సంగీత విద్యార్థుల ప్రేమకథ. కోదాన్ష సంస్థ వెలువరించే ‘కిస్’ పత్రికలో 2001 నుంచి 2009 వరకు ధారావాహికగా వచ్చి 23 సంపుటాలుగా వెలువడింది. 2004లో కోదాన్ష మాంగా పురస్కారాన్ని పొందింది. 2006లో టెలివిజన్ నాటకంగా, 2007 నుంచి అనిమేగా ప్రసారమై విశేషాదరణ పొందింది. ప్రధానకథ ముగిసిన వెంటనే, 2009 చివరలో, ‘ఎన్‌కోర్’ పేరుతో ఆపెరా ఇతివృత్తంగా అనుబంధభాగం మొదలై 2010లో పూర్తయింది. అదే 24, 25 సంపుటాలు. మూలకథను ప్రేమించిన పాఠకుణ్ణి ఈ రెండు సంపుటాలు ఎందుకు నిరాశపరుస్తాయన్నది ఇక్కడి ప్రశ్న.

విశాఖపట్నానికి జపాను పేరు వేర్వేరు కాలాలలో వేర్వేరు అర్థాలతో వినిపించింది. 1942 ఏప్రిల్ 6న ఈ నగరం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. 1960ల నుంచి బైలడిలా ఇనుప ఖనిజం ఈ రేవు మీదుగానే జపానుకు వెళ్లింది. నేడు సీతమ్మధార వంటి నివాసప్రాంతాల యువతకు ఆ దేశం బొమ్మల కథల ద్వారా పరిచయమవుతున్నది. మన పాఠకులు చదువుతున్న సాహిత్యాన్ని మన విమర్శ పరిభాషతో తూచి చూడడం తెలుగు విమర్శకు పరాయి పని కాదు.

మూలకథ: సంగీతమే సంభాషణ

కథానాయిక మెగుమి నోదా. అందరూ పిలిచే పేరు నోదమె. మోమొగవొకా సంగీత కళాశాలలో పియానో విద్యార్థిని. స్వరలిపి చదవడంలో శ్రద్ధ లేదు. విన్నదాన్ని విన్నట్లే వాయించగలదు. తోచినట్లు మార్చి వాయించడం ఆమెకు ఆనందం. ఆమె గది చెత్తకుప్ప. శిశువిద్యాలయంలో ఉపాధ్యాయిని కావడం ఆమె ఆశయం. నాయకుడు షిన్ఇచి చియాకి. పియానోలో నిష్ణాతుడు, వాద్యబృంద నిర్దేశకుడు కావాలన్న పట్టుదల గలవాడు. చిన్ననాటి ప్రమాదం వల్ల విమానమన్నా సముద్రమన్నా భయపడి, ఐరోపా చేరుకోలేక జపానులో చిక్కుకుపోయినవాడు.

వీరి ప్రేమ మాటల్లో పుట్టదు. ఆ చెత్త గదిలో ఆమె బెథోవెన్ ‘పథేతిక్’ సొనాటా వాయిస్తుండగా చియాకి తొలిసారి వింటాడు. క్రమశిక్షణ లేని ఆ వాదనలో పాటలాగా సాగే గుణాన్ని గుర్తిస్తాడు. శీర్షికలోని ‘కాంతాబిలె’ అనే సంకేతానికి అర్థం అదే. తరువాత గురువు నియోగంతో ఇద్దరూ మొట్సార్ట్ రెండు పియానోల సొనాటాను కలిసి వాయిస్తారు. ఒకరిని ఒకరు వినడం అక్కడ మొదలవుతుంది. ష్ట్రెజెమన్ నిర్దేశకత్వంలో చియాకి రాహ్మనినోవ్ రెండవ కాంచెర్టో వాయించినప్పుడు, విన్న నోదమె ఇంటికి పరుగెత్తి పూనకం వచ్చినట్లు సాధన చేస్తుంది. ‘నిన్ను అందుకోవాలి’ అని ఆమె నోటితో అనదు, చేతులు అంటాయి.

ఇందులో రచయిత్రి నేర్పు ప్రత్యేకంగా గమనించదగినది. చిత్రకథకు శబ్దం లేదు. నాదాన్ని కాగితం మీద చూపడానికి నినోమియా ప్రధానంగా ఆశ్రయించింది శ్రోతల ముఖాలను. ఎవరు వాయిస్తున్నారన్నదానితో సమానంగా ఎవరు వింటున్నారన్నది ఆమె బొమ్మల్లో ముఖ్యం. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ రసం సహృదయుని ముఖంలో వ్యక్తమవుతున్నది. క్షేత్రయ్య పదాలలో నాయిక వేదనా, రాగమూ విడదీయరానివైనట్లు, ఈ కథలో కృతి ఎంపికే నాయికానాయకుల మనఃస్థితి. ఏ రచనను ఎవరితో కలిసి వాయిస్తారన్నదే కథాగమనం.

తీరని కోరిక

కథ పారిస్‌కు మారిన తరువాత ఈ సూత్రం మరింత బిగుసుకుంటుంది. నోదమె కన్సర్వటోయిర్‌లో విద్యార్థిని. చియాకి వృత్తి నిర్దేశకుడు. రావెల్ జి మేజర్ పియానో కాంచెర్టో విన్న నోదమె, చియాకి నిర్దేశకత్వంలో దాన్ని తాను వాయించాలని కోరుకుంటుంది. ఆ రచన చియాకితో కలిసి మరొక పియానో విద్వాంసురాలు సున్ రూయికి దక్కుతుంది. అదీ అద్భుతంగా వాయించబడుతుంది. నోదమెకు కలిగిన దెబ్బ సాధారణమైన అసూయ కాదు. తాను ఎన్నడూ అంతకన్న బాగా వాయించలేనేమోనన్న భయం అది. పెళ్లి ప్రస్తావన తెస్తే చియాకి దాన్ని తేలికగా తీసుకుంటాడు. ఆ తరువాత ఆమె ష్ట్రెజెమన్‌తో లండన్‌లో షోపాన్ మొదటి కాంచెర్టో వాయించి ఘనవిజయం సాధిస్తుంది, వెంటనే ఎవరికీ కనబడకుండా వెళ్లిపోతుంది.

ఇంతటి సంక్షోభాన్ని నినోమియా మళ్లీ మొట్సార్ట్ రెండు పియానోల సొనాటాతో ముగించింది. మొదట కలిపిన రచనే చివర మళ్లీ కలుపుతుంది. ఈ ముగింపు అందమైనది, సమంజసమైనది. అయినా ఒక బాకీ మిగిలింది. వాద్యబృందం ముందు నిలబడిన చియాకి, పియానో ముందు కూర్చున్న నోదమె, ఇద్దరూ ఒకే వేదిక మీద సమానులుగా కలిసే కాంచెర్టో ప్రధానకథలో జరగలేదు. పాఠకుడు పుస్తకం మూసేటప్పుడు ఆ సంగతి అతని మనసులోనే ఉంటుంది. ఉత్తరకథకు అవకాశమంటూ ఉంటే ఇక్కడే ఉంది.

అనుబంధభాగం: ఎంపికలోని లోపం

అనుబంధభాగం ఈ బాకీవైపు ప్రధానంగా తిరగలేదు. జపానులో యువగాయకుల బృందం మొట్సార్ట్ ‘మాయా వేణువు’ను ప్రదర్శించ సంకల్పిస్తుంది. చియాకి నిర్దేశకుడు. పాత మిత్రులు మళ్లీ చేరతారు. అభ్యాసాలు, ఖర్చుల చిక్కులు, గాయకుల అలకలు, హాస్యం – వీటితో రెండు సంపుటాలు నిండుతాయి. బొమ్మల్లో చురుకు తగ్గలేదు. నవ్వించే ఘట్టాలూ ఉన్నాయి. అయినా లోపం మూలంలోనే ఉన్నది: ఎంచుకున్న కళారూపంలో నాయికకు చోటు లేదు.

ఆపెరాలో రంగస్థలం గాయకులది. నిర్దేశకుడు వేదిక ముందు పల్లంలో ఉంటాడు. పియానో అభ్యాసగదికి పరిమితం. ‘మాయా వేణువు’ వాద్యబృందంలో ఉన్నది పపగెనో గంటల కోసం ఉద్దేశించిన చిన్న మీటల వాద్యం మాత్రమే. ప్రేమను సహవాదనం ద్వారానే చెప్పిన కథ, సహవాదనానికి తావులేని రూపాన్ని ఎంచుకోవడంతో తన భాషను తానే వదులుకున్నది. కొత్త గాయకుల గుంపు పెరిగిన కొద్దీ, వినే ముఖాలకు దక్కవలసిన చిత్రాల చోటు మాట్లాడే ముఖాలకు దక్కింది.

ఇందులో మరింత విచారకరమైన విషయం, ఆ ఆపెరాలోనే ఈ జంటకు అద్దం వంటి ఇతివృత్తం సిద్ధంగా ఉండడం. 1791 సెప్టెంబరు 30న వియన్నాలో తొలిసారి ప్రదర్శితమైన ఈ రెండంకాల కృతిలో తమీనోకు మౌనపరీక్ష ఎదురవుతుంది. పమీనాతో అతడు మాట్లాడరాదు. కారణం తెలియని పమీనా ఆ మౌనాన్ని ప్రేమరాహిత్యంగా భావించి ప్రాణత్యాగానికి సిద్ధపడుతుంది. చివరకు అగ్నిజలపరీక్షలలో ఆమే అతని చేయి పట్టి ముందు నడుస్తుంది. చియాకి మౌనం నోదమెను ఎంత గాయపరిచిందో మూలకథ చదివినవారికి తెలుసు. గాలికీ నీటికీ భయపడిన చియాకిని, గడియారం ఊపి మాయచేసి విదేశానికి పంపగలిగింది నోదమె అనీ తెలుసు. అంటే పమీనా పాత్ర అప్పటికే నోదమె జీవితంలో జరిగి ఉన్నది. ఈ సామ్యాన్ని కథకు వెన్నెముకగా చేసుకుని ఉంటే ఆపెరా ఎంపిక సార్థకమయ్యేది. అనుబంధభాగంలో అది ప్రదర్శించవలసిన నాటకంగానే మిగిలింది, అనుభవించవలసిన పరీక్ష కాలేదు.

‘ఎన్‌కోర్’ అన్న సమర్థన

ఈ భాగాన్ని ఉత్తరకథ ప్రమాణంతో తూచడం న్యాయం కాదని ఒక వాదం ఉండవచ్చు. ‘ఎన్‌కోర్’ అంటే కచేరీ ముగిశాక శ్రోతల కోరికపై వాయించే చిన్న రచన. దానికి గంభీరత అక్కరలేదు. ఇది ఆలోచించదగిన వాదమే. కర్ణాటక కచేరీలోనూ పల్లవి ముగిశాక తుక్కడాలు వస్తాయి. ఒక పదం, ఒక జావళి పాడి, మంగళంతో ముగిస్తారు. శ్రోత అప్పటికి తృప్తుడు. జావళి అతన్ని కొత్త పరీక్షకు గురిచేయదు, చిరునవ్వుతో ఇంటికి పంపుతుంది.

అయితే తుక్కడాకు బలం దాని పొట్టితనం. జావళి నాలుగు నిమిషాలలో ఒక శృంగారభావాన్ని మెరిపించి తప్పుకుంటుంది. ఇక్కడ తుక్కడా పేరుతో వచ్చినది సంపూర్ణమైన ఆపెరా ప్రదర్శన, రెండు సంపుటాల నిడివి, అనేక కొత్త పాత్రలు. పల్లవి ముగిశాక మరొక పల్లవి ఎత్తుకుంటే శ్రోత ఆనందించడు, గడియారం చూసుకుంటాడు. పైగా ఆ రెండవ పల్లవిలో తాను ఎవరికోసం కచేరీకి వచ్చాడో ఆ విద్వాంసురాలే పక్కన కూర్చుని ఉన్నది. అనుబంధభాగం బాకీ తీర్చే ఉత్తరకథ కాలేదు. జావళిలా చిన్నదై మెరవనూ లేదు. నిరాశకు మూలం ఈ నడిమి స్థితి.

‘బారిష్టర్ పార్వతీశం’ పోలిక

ఈ స్థితికి తెలుగులో దగ్గరి ఉదాహరణ మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’. 1924 నాటి ప్రథమభాగం తెలుగు హాస్యానికి తలమానికం. దశాబ్దాల తరువాత వచ్చిన తదుపరి భాగాలకు ఆ వెలుగు లేదన్నది పాఠకుల సామాన్యానుభవం. కారణం రచయిత శక్తి తగ్గడం మాత్రమే కాదు. మొగలితుర్రు నుంచి బయలుదేరిన యువకుడి అమాయకత్వమే ఆ కథను నడిపిన ఇంజను. సీమ చూసి, చదువుకుని వచ్చినవాడిలో ఆ అమాయకత్వం మిగలదు. మిగిలితే నమ్మశక్యం కాదు. నోదమె అల్లరికీ ఇదే గతి పట్టింది. లండన్ వేదిక మీద తన శక్తినీ భయాన్నీ చూసిన విద్వాంసురాలిని మళ్లీ పాత చిలిపి చేష్టలకు దించితే, ఆ చేష్టలు అలవాటుగా కనిపిస్తాయే తప్ప స్వభావంగా కనిపించవు. అయితే ఒక భేదం ఉన్నది. పార్వతీశం జీవితంలో తదుపరి భాగాలు కొత్త దశనైనా చూపాయి. ఈ అనుబంధభాగం నోదమెను కొత్త దశకు తీసుకుపోలేదు.

ఉపసంహారం

ఒక ఉత్తరకథ విఫలమైనంత మాత్రాన పూర్వకథ విలువ తగ్గదు. 23 సంపుటాల ‘నోదమె కాంతాబిలె’ సంగీతాన్ని ప్రేమభాషగా మలచిన అరుదైన రచన. అనుబంధభాగపు వైఫల్యం ఆ విశిష్టత ఎక్కడ ఉన్నదో మరింత స్పష్టంగా చూపుతుంది. ఆ జంట మధ్య పియానో లేనప్పుడు కథ మూగబోయింది.

ఈ పాఠం తెలుగు కథకులకూ అవసరమే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ విద్యార్థిగా చేరబోయి, ఆచార్యుడిగా నియుక్తుడయ్యాడు. గురుకులం, సాధన, పోటీ, సహవాదనం – ఇన్ని నాటకీయ వనరులున్న ఈ నేలలో, సంగీతశిక్షణనే కథాయంత్రంగా చేసుకున్న ప్రేమనవలలు అరుదు. రేపు అటువంటి రచన వస్తే, దానికి జనాదరణ దక్కితే, పొడిగింపు కోరే పాఠకులూ ప్రచురణకర్తలూ తప్పక ఉంటారు. అప్పుడు రచయిత వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ పాత్రలకు నేనింకా ఏమి బాకీ ఉన్నాను? జవాబు దొరికితే జయంతి రామభట్టులా పూనుకోవచ్చు. దొరకకపోతే తిక్కనలా ఆగిపోవడమే మర్యాద.